అకరణీయం

వనస్థలిపురం,
జూన్ నెలాఖరు

చిరంజీవి తన్మయికి అమ్మమ్మ ఆశీర్వచనాలు.

నీ ఉత్తరం అందింది. చైతన్యపురిలో నీ హాస్టల్ నుంచి ఇక్కడికి నువ్వు నడిచి వచ్చినా టపా కంటే ముందే చేరేదానివి. అయినా నాకు టపాయే నయం. పోయిన ఏడు నా చెవులు పూర్తిగా సెలవు పుచ్చుకున్నాక ఎదురుగా కూర్చున్నవాళ్లు కూడా నాతో పలక మీద రాసే మాట్లాడుతున్నారు. ఆ రాసేదేదో పోస్టులో వేస్తే నేను తీరిగ్గా కోప్పడవచ్చు. ఫోనులో మెసేజీలు పెట్టుకోమని మీ మురళి మామయ్య ఒకటే పోరు. అద్దాన్ని వేలితో గీకడాన్ని నేను రాయడమనను.

యూనివర్సిటీలో గణితం ఎమ్మెస్సీ చేసి, బి.ఎడ్. రెండో ఏటికి వచ్చావు. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ పేరుతో ఆరు నెలలు బడిలో పాఠం చెప్పాలన్నమాట. పుట్టి బుద్ధెరిగి ఇంగ్లీషు మీడియం గుమ్మం దాటని నిన్ను తెలుగు మీడియం తొమ్మిదో తరగతికి వేశారంటే, వేసినవాళ్లకు హాస్యప్రియత్వం ఉండి ఉండాలి. మీ నాన్న ఇంకా అలకపాన్పు దిగలేదట. లెక్కలొచ్చిన పిల్ల కంప్యూటర్ కంపెనీకి కాకుండా బడికి పోవడం ఆయన లెక్కల్లో లేదు మరి.

ఇక నువ్వడిగిన సంగతి. పుస్తకాలు బడికి ఇంకా రాలేదు, సోమవారం పాఠం మొదలుపెట్టాలి అన్నావు. భిన్నంగా రాయగలిగిన సంఖ్యలకు, రాయడానికి లొంగని √2 లాంటి సంఖ్యలకు తెలుగులో కరణీయ, అకరణీయ అనే జంట ఉందని విన్నాను, ఏది ఏదో తేలడం లేదు అన్నావు. ఇందులో తేలకపోవడానికి ఏముందే? కరణీయం అంటే చేయదగినది. భిన్నంగా చేయదగినది కరణీయ సంఖ్య, చేయరానిది అకరణీయ సంఖ్య. మీ ఇంగ్లీషువాడు ‘ఇర్రేషనల్’ అన్నప్పుడు ముందు తగిలించిన ‘ఇర్’ ఉందే, అదే మన ‘అ’. వ్యాకరణం తెలిసినవాళ్లకు నిఘంటువుతో పని లేదు.

పిల్లలకు పేర్లతో చెప్పు, అంటుకుంటుంది. అజిత అంటే ఓటమి లేనిది. అచల అంటే కదలనిది. అమల అంటే మలం లేనిది. ఎవరైనా ఎదురు చెబితే, ‘అ’ అంటే ఏమిటో తెలియని నిన్ను తొమ్మిదో తరగతి దాకా ఎవరు మోసుకొచ్చారమ్మా అని అడుగు. క్లాసు ఒకసారి గట్టిగా నవ్విందంటే ఆ పాఠం జన్మలో మరిచిపోదు. ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు.

వేళకు తిను.

అమ్మమ్మ
విజయదుర్గ

~

చైతన్యపురి,
జూలై

ప్రియమైన అమ్మమ్మకు నమస్కారాలు.

నువ్వు అనుకున్నట్టే జరిగింది. నీ వ్యాకరణం క్లాసును ఏలేసింది.

బడి కర్మన్‌ఘాట్ దాటి బాలాపూర్ వైపు. మెట్రోలో ఎల్బీ నగర్ దాకా పోయి, అక్కడ ఆటో ఎక్కుతాను. మొదటిరోజు నా తెలుగు విని పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. “మేడం, మీరు టీవీల మాట్లాడినట్టు మాట్లాడుతున్నరు” అన్నాడొకడు. నేను ‘ఎలా’ అంటే వాళ్లు వెనక బెంచీలో ‘ఎట్ల’ అని దిద్దుతున్నారు. రెండో వారానికి అలవాటు పడ్డాం, వాళ్లకు నేనూ, నాకు వాళ్లూ.

సంఖ్యల పాఠం రోజున నువ్వు రాసినట్టే చెప్పాను. భిన్నంగా చేయదగినది కరణీయం, √2 అకరణీయం. మూడో వరసలో ఒక అమ్మాయి లేచింది. “మేడం, గది ఉల్టా గదా? మా అక్క పాత పుస్తకంల రూట్ రెండును కరణీయమనే రాసిండ్రు.” అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. పేరేమిటని అడిగితే అమల అంది. ఇంతకంటే ఏం కావాలి? “అమల అంటే మలం లేనిది. నీ పేరులోని ‘అ’ అర్థమే నీకు తెలియకపోతే, నిన్ను తొమ్మిదో తరగతి దాకా ఎవరు మోసుకొచ్చారమ్మా? ఆ ‘అ’ తీసేస్తే ఏం మిగులుతుంది?” అన్నాను.

క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది. పక్క గదిలోంచి లెక్కల సారు వెంకటేశ్వర్లు గారు తొంగి చూసి, “ఏంది మేడం, లెక్కల క్లాసుల గింత ఖుషీనా?” అన్నారు. అమల కూర్చుంది. ఆ తర్వాత ఎవరిని అడిగినా టకటకా చెప్పారు, √2 అకరణీయం అని.

నేను టీచర్ని అవుతాను అమ్మమ్మా. ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. ఆ రోజు తెలిసింది.

నీ
తన్మయి

~

వనస్థలిపురం,
ఆగస్టు

చిరంజీవి తన్మయికి ఆశీస్సులు.

నీ ఉత్తరాన్ని మీ మామయ్యకు చదివి వినిపించాను. చెవిటిదాన్ని నేను, వినాల్సింది వాడు; లోకం ఇలాగే నడుస్తుంది. పార్కులో నాతో నడిచే వాళ్లకు కూడా చెప్పాను. లెక్కల్లో కూడా వ్యాకరణానిదే పైచేయి అంటే వాళ్లలో ఉన్న రిటైరైన ఇంజనీరుగారి మొహం మాడింది. ఆ వారమంతా నాకు మోకాళ్ల నొప్పులు రాలేదు.

మీ నాన్నకు నేనే రాశాను. మీ కూతురు పాఠం చెబితే పక్క గది వాళ్లు తొంగి చూస్తున్నారు, అలక ఇక చాలించండి అని. జవాబు రాలేదు. ఉత్తరం రాయడం ఆయన పాఠ్యాంశాల్లో లేదు.

ఆ అమల ఏం చేస్తోంది? ఎదురు చెప్పే పిల్లలు మామూలుగా తెలివైనవాళ్లై ఉంటారు. నవ్వించాక ఒకసారి పిలిచి ఏదైనా మంచిమాట చెప్పావా లేదా? చెప్పే ఉంటావులే.

వరలక్ష్మీ వ్రతానికి రాలేదు. వినాయక చవితికైనా రా. బాలాపూర్ లడ్డూ వేలం దాకా చూసి వస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆ జనంలో నలిగిపోతావు.

అమ్మమ్మ

~

చైతన్యపురి,
సెప్టెంబరు

అమ్మమ్మకు,

బాగానే ఉన్నాను. చవితికి రాలేకపోయాను, పేపర్లు దిద్దే పని ఉండింది. బడిలో అంతా బాగానే ఉంది. పుస్తకాలు వచ్చాయి కాబట్టి నువ్వు ఇక తెలుగు పదాలు రాసి పంపనక్కర్లేదు.

ఒక మాట. అమ్మకు చెప్పొద్దు. దిల్‌సుఖ్‌నగర్‌లో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి కనుక్కున్నాను. నాలాంటి గణితం వాళ్లకు డేటా ఉద్యోగాలు సులభంగా వస్తాయట. దసరా తర్వాత కొత్త బ్యాచ్. అందులో చేరితే బి.ఎడ్. మధ్యలో ఆగిపోతుంది. ఇంకా ఏమీ అనుకోలేదు. నాన్న సంతోషిస్తారు.

అంతా బాగానే ఉంది.

తన్మయి

~

వనస్థలిపురం,
సెప్టెంబరు ఆఖరు

తన్మయికి,

‘ప్రియమైన’ లేదు. ‘నీ’ లేదు. ‘బాగానే ఉంది’ మాత్రం పదే పదే ఉంది. బాగున్నదాన్ని ఎవరూ అన్నిసార్లు చెప్పరు. నేను తెలుగు టీచర్నే కానీ తెలివితక్కువదాన్ని కాదు.

జూలైలో టీచర్ని అవుతానని రాసిన పిల్ల సెప్టెంబరులో డేటా అంటోంది. మధ్యలో ఆగస్టు ఒక్కటే ఉంది. ఆగస్టులో ఏం జరిగింది? మీ సారు ఏమైనా అన్నాడా? లేక పిల్లలు అల్లరి పెట్టారా? పిల్లలు అల్లరి పెడితే మానేసే ఉద్యోగమైతే దేశంలో బళ్లన్నీ ఎప్పుడో మూతబడేవి.

మీ నాన్న సంతోషం కోసం అని మాత్రం నాకు రాయకు. ఆయన సంతోషానికి నువ్వు ఇరవై మూడేళ్లలో ఎప్పుడూ ఇంత ప్రాముఖ్యం ఇవ్వలేదు.

ఇంకో సంగతి. పదాలు పంపనక్కర్లేదని రాశావు. పంపమన్నది నువ్వు, ఆపమన్నదీ నువ్వే. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో ఆలోచిస్తున్నాను. ఆలోచించడం పూర్తయ్యేలోపు నువ్వే చెబితే మర్యాదగా ఉంటుంది.

అమ్మమ్మ

~

చైతన్యపురి,
దసరా సెలవులు

అమ్మమ్మకు,

రాస్తున్నాను. మధ్యలో ఆపకుండా చదువు.

ఆగస్టులో పరీక్ష పెట్టారు. పేపరు వెంకటేశ్వర్లు సారు తయారుచేశారు. అందులో ఒక ప్రశ్న, √2 కరణీయ సంఖ్యా, అకరణీయ సంఖ్యా, కారణం రాయండి అని. నా తరగతి మొత్తం ‘అకరణీయం’ అని రాసింది. కారణం కూడా అందంగా రాశారు, ‘అ’ అంటే లేదు కనక అని. సారు కట్ట తెచ్చి నా ముందు పెట్టారు. కోప్పడలేదు. “తన్మయి మేడం, జర గీ పేపర్లు సూడుండ్రి. ఒకరిద్దరు తప్పు రాస్తే పిల్లల తప్పు. అందరు ఒక్క తీర్గ రాసిన్రంటే గది మనది. మీకు ఎవలు చెప్పిన్రు?” అన్నారు.

నేనే పొరబడ్డానని చెప్పాను. పుస్తకం రాకముందే చెప్పాను కదా, ఊహించి చెప్పానన్నాను. మరునాడు క్లాసులో పొరపాటు జరిగింది, దిద్దుకోండి, √2 కరణీయం, భిన్నంగా రాయగలిగేవి అకరణీయాలు అన్నాను. పిల్లలు దిద్దుకున్నారు. నిమిషంలో అయిపోయింది. పరీక్షలో ఆ ప్రశ్నకు సారు అందరికీ మార్కు వేశారు. దీనికే అయితే నేను బడి మానాలనుకోను.

అమల ఆ పరీక్ష రాయలేదు. అప్పటికే బడికి రావడం మానేసింది. జ్వరమేమో అనుకున్నాను. పేపర్లు దిద్దుతుంటే ఒక పిల్ల చెప్పింది. నేను ‘అ’ తీసేస్తే ఏం మిగులుతుందని అడిగిన రోజు నుంచి ఆమెను అందరూ ‘మల’ అంటున్నారట. ఆమె బెంచీలో కూర్చుంటే ముక్కు మూసుకుంటున్నారట. అమలకు తల్లిదండ్రులు లేరు. అక్కకు పెళ్లయి వెళ్లిపోయింది. పెంచుతున్న నాయనమ్మ ఐలమ్మ వీధులు ఊడ్చే పనిచేస్తుంది. ఆ పేరు ఆ ఇంట్లోకి ఎలా వెళ్లి ఉంటుందో నువ్వే ఊహించుకో. ఇప్పుడు అమల చీరలకు ఫాల్స్ కుట్టే దుకాణంలో ఉందట.

నేను ఎదురుగా నిలబడి రోజూ హాజరు తీసుకున్నాను. నాకు తెలియలేదు. లేదా, అందరూ నవ్వుతుంటే పాఠం బాగా సాగుతోందనుకున్నాను.

లెక్క తప్పు చెప్పినవాళ్లు టీచరు కావచ్చు. ఇది చేసినవాళ్లు కాకూడదు. అందుకే ఇన్‌స్టిట్యూట్. నాకు ధైర్యం చెప్పొద్దు.

తన్మయి

~

వనస్థలిపురం,
అక్టోబరు

తన్మయికి,

ధైర్యం చెప్పను. నీకు చెప్పేంత నా దగ్గర లేదు.

నీ ఉత్తరం అందిన రోజే మీ మామయ్యను దిల్‌సుఖ్‌నగర్ పంపి తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం తెప్పించాను. తర్వాత నిఘంటువు దించాను. కరణి అంటే మూలం తీయడానికి లొంగకుండా మిగిలిపోయే సంఖ్య. పూర్వం లెక్కలు చేసినవాళ్ల మాట. దాని నుంచి వచ్చింది కరణీయం. నేను మాటను చూసి ‘చేయదగినది’ అనుకున్నాను. వ్యాకరణం తెలిసినవాళ్లకు నిఘంటువుతో పని లేదని రాసింది నేనే. ఆ వాక్యాన్ని ఇప్పుడు మళ్లీ చదివాను. రాసినవాళ్లు చాలా తెలివైనవాళ్లనిపిస్తుంది, చదివితే.

సారు ఎవరు చెప్పారని అడిగితే నా పేరు దాచావు. నాకు రాసిన ఉత్తరంలో కూడా దాచావు. ముసలిదాని మనసు నొచ్చుకోకుండా. అందుకు కృతజ్ఞురాలిని కాను. ఇంకో మూడు నెలలు నేను పార్కులో గొప్పలు చెప్పుకునేదాన్ని.

అయితే విను. నా తప్పును నీ తప్పుతో కలిపి సమాసం చేయకు. ఏది అకరణీయమో తప్పుగా చెప్పింది నేను. ఎగతాళిని నీ చేతికిచ్చిందీ నేను. దాన్ని ఆ పిల్ల మీదికి విసిరింది నువ్వు. నేను ‘అమల అంటే మలం లేనిది’ వరకే రాశాను. ‘తీసేస్తే ఏం మిగులుతుంది’ అన్నది నీ సొంత కవిత్వం. నా వాటా నేను మోస్తాను. నీ వాటాకు నన్ను పిలవకు.

ఇప్పుడు నీ ఉత్తరంలో ఒక వాక్యం చూద్దాం. ‘పొరపాటు జరిగింది, దిద్దుకోండి.’ ఇందులో కర్త ఎవరు? వాన కురిసింది, పొద్దు గుంకింది, పొరపాటు జరిగింది. దానంతటదే జరిగిందా? పిల్లలకు ఏం తెలిసింది దీనివల్ల? సంఖ్యల పేరు మారిందని తెలిసింది. తప్పు చెప్పింది మేడమని, సరిగ్గా చెప్పింది అమల అని ఎక్కడ తెలిసింది? ఆ పిల్ల ఇంకా వాళ్ల లెక్కలో తప్పు చెప్పి అభాసుపాలైన పిల్లే. తొమ్మిదో తరగతిలో నా దగ్గర ఎవరైనా ఈ వాక్యం రాస్తే కర్త లేదని ఎర్రసిరాతో సున్న చుట్టేదాన్ని.

ఇన్‌స్టిట్యూట్‌లో చేరతావో మానతావో అది తర్వాత. ముందు ఆ ఇంటికి వెళ్లు.

అమ్మమ్మ

~

చైతన్యపురి,
అక్టోబరు

అమ్మమ్మకు,

వెళ్లాను. నువ్వు నాకంటే ముందే వెళ్లావని అక్కడే తెలిసింది.

బడి వెనక సందులో రేకుల ఇల్లు. ఐలమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. నేను ఫలానా అని చెప్పినా లేవలేదు, కూర్చోమనలేదు. “మొన్న ఒక పెద్దమ్మ ఆటోల ఒచ్చింది. చెవులు ఇనరావు గాని మాట మటుకు కత్తి తీర్గుంది. మీ అమ్మమ్మనట. ఇప్పుడు నువ్వొచ్చినవ్. రేపు మీ అమ్మ ఒస్తదా ఏంది?” అంది. ఆమె కాసేపు కాయలు గిల్లి, “పిల్ల పుట్టినప్పుడు మంచి పేరు పెట్టమని అయ్యగారి కాళ్లు మొక్కి పెట్టిపిచ్చుకున్నం, మేడం. నేను ఊడ్సేది నా పని. గది నా మనవరాలి పేరు కాదు” అంది.

అమల లోపలి నుంచి వచ్చింది. నేను క్షమించమన్నాను. తప్పు నాదని, తను చెప్పిందే సరైందని, తనను అలా అనడం అన్యాయమని చెప్పాను. సిద్ధం చేసుకున్నవన్నీ చెప్పాను. ఆ పిల్ల అంతా విని నెమ్మదిగా అంది:

“క్లాసుల అందరి ముంగట అన్నరు గదా మేడం. ఇంట్లొచ్చి చెప్తే ఎట్ల?”

బడి తెరిచే రోజున క్లాసులోనే చెబుతానన్నాను. “నేను లేనప్పుడు చెప్తే చెప్పినరో లేదో నాకెట్ల తెలుస్తది?” అంది. అయితే నువ్వు వచ్చి విను అన్నాను. వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.

ఆటోలో వస్తూ భయపడ్డాను. నలభైమంది ముందు ఆ మాట చెప్పి, ఆ పైన నెలల తరబడి వాళ్లకే పాఠం చెప్పాలి. నా మాట ఎవరు వింటారు? నన్ను ఏమని పిలుస్తారు? దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరూ నన్నేమీ పిలవరు. అక్కడ ఫీజు కట్టడానికి సోమవారమే ఆఖరు. బడి తెరిచేదీ సోమవారమే.

నువ్వు ఎందుకు వెళ్లావు?

తన్మయి

~

వనస్థలిపురం,
శనివారం

తన్మయికి,

ఇది పోస్టులో వేస్తే నీకు సోమవారం లోపల చేరదు. మీ మామయ్య చేత పంపుతున్నాను. వాడికి ఒక టీ ఇప్పించు, మోసినందుకు.

ఎందుకు వెళ్లానంటే, నా వాటా మోయడానికి. బడి దగ్గర ఐలమ్మ పేరు చెబితే ఇల్లు చూపించారు. నీకు చెబితే నాతో వస్తానంటావు, నా వెనక నిలబడతావు. నా వెనక నిలబడటానికి చోటు లేదు, నేనే సన్నగా ఉన్నాను.

ఐలమ్మ నన్ను చాలాసేపు గుమ్మంలోనే నిలబెట్టింది. మంచి పని చేసింది. తర్వాత అమల దుకాణం నుంచి వచ్చింది. పలక ఇచ్చాను. నేను నోటితో, తను రాతతో. నీకు తప్పు నేర్పింది నేనని, ఆ ఎగతాళి కూడా నాదేనని, నువ్వు నా దగ్గర అరువు తెచ్చుకున్నావని చెప్పాను. ఆ పిల్ల పలక మీద ‘మీరు టీచరా?’ అని రాసింది. అవును, పని మానేసిన టీచర్ని అన్నాను. తుడిచి, ‘చెప్పే ముంగట సరి చూసుకోలేదా?’ అని రాసింది.

నాకు ప్రతిదానికీ ఒక చమత్కారం తోస్తుందని నీకు తెలుసు. దానికి తోచలేదు. లేదమ్మా అన్నాను. ఆ పిల్ల ఆ మాటను చాలాసేపు చూసింది. నోటితో అన్న మాటను చూడటమేమిటంటావా, నా మొహాన్ని చూసింది. తర్వాత మంచినీళ్లు తెచ్చిచ్చింది. అంతే జరిగింది. క్షమించిందని నేననుకోవడం లేదు. నీళ్లిచ్చింది.

సోమవారం సంగతి. వాళ్లు నిన్నేమంటారో అని భయపడుతున్నావు. అనవచ్చు. నువ్వు నేర్పిన విద్యే కదా. పడు. దాన్ని పడి కూడా మంగళవారం వెళ్లి పాఠం చెప్పగలిగితే టీచర్నని రాయి. చెప్పలేకపోతే ఇన్‌స్టిట్యూట్ ఎక్కడికీ పోదు, దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రతి మెట్టు మీదా ఒకటుంది. కానీ సోమవారం ఆ పిల్ల వచ్చి నువ్వు రాకపోతే మాత్రం, నాకు ఉత్తరం రాయకు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు.

నన్ను గురించి క్లాసులో చెప్పకు. వాక్యానికి ఒక కర్త చాలు.

అమ్మమ్మ

~

చైతన్యపురి,
నవంబరు

ప్రియమైన అమ్మమ్మకు,

ఇన్నాళ్లూ రాయనందుకు కోప్పడు. ముందే రాస్తే సగం సంగతే రాసేదాన్ని.

ఆ సోమవారం ప్రార్థన అయ్యాక గదిలోకి వెళ్తే మూడో వరస ఖాళీగా ఉంది. హాజరు తీసుకున్నాను. అమల పేరు పిలిచి ఆగాను. వెనక ఎవరో ముక్కుతో శబ్దం చేశారు. అప్పుడు గుమ్మం దగ్గర కనిపించింది, యూనిఫాంలో, సంచి గుండెకు పట్టుకుని. లోపలికి రాలేదు. అక్కడే గోడకు ఆనుకుని నిలబడింది.

నేను మొదలుపెట్టాను. “జూలైలో అమల సరిగ్గా చెప్పింది. నేను తప్పు చెప్పాను. తప్పు చెప్పడమే కాదు, ఆమె పేరు పట్టుకుని మిమ్మల్ని నవ్వించాను. మీరు ఆమెను పిలుస్తున్న ఆ మాటను మీకిచ్చింది నేను. అది మీ తప్పయ్యే ముందు నా తప్పు. ఇక ఎవరూ ఆ మాట వాడొద్దని అడుగుతున్నాను.” చున్నీతో కళ్లు తుడుచుకున్నాను, దాచలేదు. ఒకడు పక్కవాడితో, “మేడం ఏడుస్తుందిరా” అన్నాడు. అమల నడిచి వచ్చి తన చోట కూర్చుంది. నా వైపు చూడలేదు.

అంతటితో అంతా చక్కబడిందని నీకు రాద్దామనుకుని కాగితం తీశాను. చక్కబడలేదు. రెండు వారాలు ఆ పిల్ల నోరు విప్పలేదు. పిలిస్తే లేచేది, తల దించుకునేది. వరండాలో ఆ మాట నేను మళ్లీ ఒకసారి విన్నాను. అన్నవాణ్ని తిట్టలేదు, నిలబెట్టలేదు. పక్కకు పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాను. వాడికి సగమే అర్థమైంది. √2 పేరు నిమిషంలో మారింది. ఇది మారడానికి ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలియదు. నన్ను కూడా అన్నారు అమ్మమ్మా. ‘ఉల్టా మేడం’ అట. పడ్డాను. మంగళవారం వెళ్లాను, బుధవారం వెళ్లాను. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫోను చేస్తే చేరడం లేదని చెప్పాను. నాన్నకు కూడా నేనే చెప్పాను.

నిన్నటి సంగతి రాయడానికే ఈ ఉత్తరం.

కరణీయ సంఖ్యల గుణకారం చెబుతున్నాను. బోర్డు మీద √2, √8 రాసి, వీటి లబ్ధం అకరణీయ సంఖ్య అన్నాను. వెనక్కి తిరిగేసరికి మూడో వరసలో అమల లేచి నిలబడి ఉంది. నేను పిలవలేదు, తనే లేచింది.

“మేడం, అది తప్పు. రెండు కరణీయాలు గుణిస్తే కరణీయమే ఒస్తది గదా?”

క్లాసంతా నా వైపు తిరిగింది. ఈసారి తప్పు నాది కాదు, తనది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తప్పని చెప్పకపోతే నేను టీచర్ని కాను. ఎలా చెప్పాలో మాత్రం ఎవరూ నాకు నేర్పలేదు, నువ్వు కూడా. “నాకూ మొదట అట్లనే అనిపించింది. గుణించి చూద్దాం, రా” అని సుద్దముక్క ఇచ్చాను. అమల బోర్డు దగ్గరికి వచ్చింది. రెండును ఎనిమిదితో గుణించి పదహారు రాసింది. దాని మీద మూలం గుర్తు పెట్టింది. కాసేపు చూసి, పక్కన నాలుగు అని రాసింది.

వెనక బెంచీలో ఎవరో నవ్వబోయారు. నేను వాళ్ల వైపు చూడలేదు, అమల వైపే చూస్తూ నిలబడ్డాను. నవ్వు పైకి రాలేదు. అమల కూర్చోలేదు. నాలుగును అట్లాగే చూస్తూ, “మరి √2, √3 గుణిస్తే నాలుగు అసుంటిది రాదు గదా మేడం. ఎప్పుడొస్తది, ఎప్పుడు రాదు?” అంది.

ఆ ప్రశ్నను ఆమె మాటల్లోనే బోర్డు మీద రాశాను. పక్కన ఎవరు అడిగారో రాయాలి కదా అని, పేరు పూర్తిగా రాశాను. గంట కొట్టేదాకా తరగతి మొత్తం దాని మీదే కూర్చుంది.

నీ
తన్మయి